ముందు 120 వాట్లు, ఎనక చీకటి: మన ట్రాక్టర్ లైట్ల కథ

సంక్రాంతి దాటిందంటే పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల రోడ్ల మీద రాత్రిపూట రెండు రకాల బళ్ళు కనపడతాయి. ఒకటి, మొహానికి సూర్యుణ్ణి కట్టుకుని వచ్చే బండి. బంపరు మీద ఒక ఎల్‌ఈడీ బారు, టాపు మీద ఇంకోటి. ఎదురొచ్చేవాడు కళ్ళు మూసుకోవాల్సిందే. రెండోది, మిర్చి టిక్కీలు నింపుకుని యార్డుకో, కోల్డ్ స్టోరేజీకో పోతా, ఎనక ఒక్క ఎర్ర లైటు కూడా లేని ట్రాక్టర్ ట్రక్కు. చిత్రమేంటంటే, చాలాసార్లు ఈ రెండూ ఒకటే బండి.

పోలీసోళ్ళు, ఆర్టీఏ వాళ్ళు ఎల్‌ఈడీ లైట్ల మీద తనిఖీలు పెట్టినప్పుడల్లా ఊళ్ళో రెండు మాటలు వినపడతాయి. "రైతు దగ్గర కూడా ఫైన్లేనా" అని కొందరు. "ఈ కుర్రోళ్ళకి ఇట్టాగే కావాలి" అని ఇంకొందరు. రెండు మాటల్లోనూ అసలు సంగతి జారిపోతంది. మన బళ్ళకి వెలుగు ఎక్కువై కాదు ఇబ్బంది. ఉండాల్సిన చోట లేకుండా, ఉండకూడని చోట ఉండటం వల్ల ఇబ్బంది. దాన్ని కట్టే తీరు ఇంకా పెద్ద ఇబ్బంది.

లైటు కట్టేవాడికి కారణం ఉంది

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. పత్తి పీకేసిన చేలో రాత్రిపూట రోటావేటర్ తోలేవాడికి పాత ట్రాక్టర్ పసుపు బల్బు సరిపోదు. నల్లరేగడి డొంకలో గొయ్యి ఎక్కడుందో, ఒర్రె ఎక్కడ తెగిందో కనపడాలి. కల్లంలో ఎండబోసిన కాయకి రాత్రంతా కాపలా ఉండాలి. పల్నాడు వైపు, పడమటి ప్రకాశం వైపు అడవిపందుల బెడద సరేసరి. కాబట్టి చేలో పనికి లైటు కావాలనేది సరదా కాదు, అవసరం.

కానీ చేను వేరు, రోడ్డు వేరు. చేలో మనకి ఎదురొచ్చేవాడు ఎవడూ ఉండడు. అద్దంకి రోడ్డు ఎక్కినా, వినుకొండ రోడ్డు ఎక్కినా ఎదురుగా బైకు మీద ఒక మనిషి వస్తా ఉంటాడు.

ఆ మనిషి సంగతి లెక్కేద్దాం. 60 కిలోమీటర్ల స్పీడులో ఉన్న బైకు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోద్ది. ఎల్‌ఈడీ బారు వెలుగు కళ్ళలో పడి మూడు సెకన్లు చూపు ఆనలేదనుకో, 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. ఆ 50 మీటర్లలో, అదే రోడ్డున తన ముందు ఎనక లైటు లేని టిక్కీల ట్రక్కు నిదానంగా పోతా ఉంటే? ఒక బండి కళ్ళు మూసింది, ఇంకో బండి కనపడలేదు. మధ్యలో పోయేది బైకు మీద మనిషి.

కంపెనీ హెడ్‌లైటుకి, బజారులో కొన్న బారుకి తేడా కూడా ఇక్కడే. హెడ్‌లైటులో అద్దం, రిఫ్లెక్టరు కలిసి డిమ్ములో వెలుగుని కిందికి దింపుతాయి. చేను పని కోసం చేసిన బారుకి ఆ కోత ఉండదు, వెలుగంతా ముందుకు చిమ్మటమే. దాన్ని తీసుకెళ్ళి టాపు మీద కడితే నేరుగా ఎదుటోడి కంటికే.

చట్టం ఏమంటంది

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది ఈ సంగతే చెప్తంది. లైటుకి 8 మీటర్ల దూరంలో, అర మీటరు కుడి పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి ఆ వెలుగు మిరుమిట్లు కొట్టకూడదు. అంటే అచ్చం ఎదురొచ్చే బైకు మనిషి కన్ను ఉండే చోటు. ముందు వైపు స్పాట్‌లైట్లు, సెర్చ్‌లైట్లు అనుమతి లేకుండా బిగించకూడదని 111వ నిబంధన. బండిని చట్టం ఒప్పుకోని తీరులో మారిస్తే, 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ పడొచ్చు. అదే ఏడాది జనవరిలో, కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేట్టు బండి మార్చకూడదని చెప్పింది.

కాబట్టి "అందరూ కడతన్నారు" అనేది ఆర్టీఏ ముందు నిలబడే మాట కాదు. చేలో పనికి కట్టుకున్న లైటునైనా రోడ్డెక్కే ముందు ఆపాల్సిందే, మొహం కిందికి తిప్పి, తొడుగు వెయ్యాల్సిందే. అయినా సరే ఇబ్బంది పెడితే, తీసి పెట్టుకునేట్టు బిగించుకోవటం మేలు.

ప్రభ కట్టే ఊరికి వైరింగు నేర్పాలా?

లైట్ల సంగతి మనకి ఒకరు నేర్పేదేంటి! శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళకి కరెంటు ప్రభలు కట్టుకుపోయే ఊళ్ళు మనవి. కానీ ఒక్కటి గుర్తు చేసుకో. ఆ ప్రభ లైట్లని ఎవరైనా ట్రాక్టర్ బ్యాటరీకి కడతారా? జనరేటరు తెస్తారు. ఎందుకంటే ఎన్ని బల్బులు, ఎంత లోడు అనే లెక్క ప్రభ కట్టే ఎలక్ట్రీషియన్‌కి తెలుసు. అదే లెక్క మన సొంత ట్రాక్టర్ దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతన్నాం.

లెక్క చిన్నదే. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. ట్రాక్టర్‌ది 12 వోల్టులు. 120 వాట్ల బారు అంటే 10 ఆంపియర్లు. రెండు కడితే 20. మన ట్రాక్టర్లలో ఆల్టర్నేటర్లు చాలావరకు 35, 45 ఆంపియర్ల మధ్యే ఉంటాయి, అదీ ఇంజను స్పీడు మీద ఉన్నప్పుడు. అందులోంచే బ్యాటరీ చార్జింగు, హెడ్‌లైట్లు, ఆపైన పాటల డబ్బా. ఇక బైకుకి ఉండే చిన్న బ్యాటరీ మీద ఫాగ్ లైట్లు మోపితే పొద్దున్నే సెల్ఫు ఎందుకు పలకదో వేరే చెప్పాలా.

ఊళ్ళో ఎక్కువగా జరిగే తప్పు ఏంటంటే, హెడ్‌లైటు వైరు పొట్ట చీల్చి, దాని నుంచే కొత్త లైటుకి తీగ లాగి, మెలిపెట్టి, టేపు చుట్టటం. ఆ వైరు, ఆ స్విచ్చి కంపెనీ లెక్క ప్రకారం ఆ హెడ్‌లైటు వరకే. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలు అవుద్ది. ముందు స్విచ్చి కరుగుద్ది, తర్వాత వైరు మీద తొడుగు. ఫ్యూజు కొట్టేస్తంటే సిగరెట్ పెట్టె రేకు చుట్టో, రాగి తీగ పోగు పెట్టో నడిపించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఫ్యూజు కొట్టిందంటే బండి చెడ్డది అని కాదు, "నాయనా, ఎక్కడో తేడా ఉంది" అని అది మనకి చెప్తంది. దాని నోరు మూస్తే తర్వాత మాట్లాడేది నిప్పే.

అదీ ఎలాంటి బండి మీద? పత్తి బండి మీద. పత్తికి అంటుకున్న నిప్పు పైకి వెంటనే కనపడదు. లోపల్లోపల రగులుద్ది. మంట బయటికి వచ్చేసరికి ట్రక్కు మొత్తం పోద్ది, పక్కనున్న పత్తి కొట్టు కూడా పోద్ది.

సరిగ్గా కట్టటం ఎట్టాగో చూద్దాం. ఇది ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర నిలబడి నువ్వు అడిగి చేయించుకోవాల్సిన పని.

పని మొదలెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీగ ఊడదియ్యాలి. బ్యాటరీ ప్లస్ నుంచి కొత్త వైరు లాగాలి, పాత వైరు కొయ్యకూడదు. ఆ వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలోనే, ఫ్యూజు పెట్టాలి. లైటు దగ్గర పెడితే లాభం లేదు. ఫ్యూజు కాపాడేది లైటుని కాదు, వైరుని. మధ్యలో ఎక్కడ తొడుగు ఒరిసి ఇనుముకి తగిలినా, అంతకు ముందే ఫ్యూజు ఉండాలి.

అక్కడి నుంచి రిలే. రిలే మీద నాలుగు నంబర్లు ఉంటాయి. ఫ్యూజు నుంచి వచ్చిన వైరు 30కి. లైటుకి పోయే వైరు 87కి. స్విచ్చి నుంచి వచ్చేది 86కి. 85 ఎర్త్‌కి. ఇట్టా కడితే లైటు కరెంటు మొత్తం రిలేలో పోద్ది, స్విచ్చి మీదికి పోయేది చాలా కొంచెమే. స్విచ్చి చల్లగా ఉంటది.

120 వాట్ల బారు ఒక్కదానికి 2.5 ఎస్‌క్యూఎంఎం రాగి వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోద్ది. రెండో బారు ఉంటే దానికి వేరే ఫ్యూజు, వేరే రిలే. అతుకులు మెలిపెట్టటం కాదు, లగ్గు పెట్టి ప్రెస్ చేయించాలి. ఇనప రేకులోంచి వైరు దూరే ప్రతి చోటా రబ్బరు బుష్, వైరు పొడుగునా ఫ్లెక్సిబుల్ పైపు, సైలెన్సరుకి దూరం. ఎర్త్ పెట్టే చోట పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బిగించాలి. లారీలకి ఎక్కువగా 24 వోల్టులు ఉంటాయి. 12 వోల్టుల రిలే తీసుకెళ్ళి వాటికి పెట్టకూడదు.

అంతా అయ్యాక పది నిమిషాలు లైటు వెలిగించి, వైరుని పొడుగునా చేత్తో తడిమి చూడు. ఎక్కడైనా వేడి తగిలితే అక్కడ వైరు సన్నమైనా అయ్యుండాలి, అతుకు వదులైనా అయ్యుండాలి. సీజన్లో నెలకోసారి ఎలకలు కొరికాయేమో కూడా చూసుకో. పత్తి కొట్టు పక్కన ట్రాక్టర్ పెట్టేవాళ్ళు బ్యాటరీకి కటాఫ్ స్విచ్చి వేయించుకుని, రాత్రికి ఆపేసి పడుకోవటం మంచిది.

ఎనక 10 వాట్లు

ఇక ఎవరూ రీల్సు తియ్యని లైటు సంగతి. ట్రక్కు ఎనక ఎర్ర బల్బు ఒక్కోటి 5 వాట్లు. రెండు కలిపి 10 వాట్లు. ఒక్క ఆంపియరు కూడా లాగవు. ముందు 120 వాట్లకి డబ్బులు దొరికినోళ్ళకి ఎనక 10 వాట్లకి దొరకవా?

ట్రాక్టర్ ఎనకాల ట్రక్కు లైట్లకి కరెంటు ఇచ్చే సాకెట్ కంపెనీయే ఇస్తంది. చాలా బళ్ళలో అది మట్టి నిండిపోయి ఉంటది. ట్రక్కు వైపు వైరు ఎప్పుడో తెగి ఉంటది, లేదంటే ట్రక్కు కట్టించినప్పుడే వెయ్యలేదు. దానికి తోడు, చేలో పనికని మడ్‌గార్డు మీద ఉండే తెల్ల లైటు రోడ్డు మీద కూడా వెలుగుతా ఉంటది. ఎనకొచ్చేవాడికి అది ఎదురొచ్చే బండి లైటులా కనపడుద్ది. ముందు పోయే ట్రక్కు అని తెలిసేసరికి దగ్గరికి వచ్చేసి ఉంటాడు.

బల్బు ఒక్కటే చాలదు. పత్తి వల కిందికి జారి లైటుని కప్పేస్తది. అందుకే రిఫ్లెక్టివ్ టేపు కావాలి: ఎనక ఎర్రది, పక్కలకి పసుపుది. ఎనక టేపు వల అందనంత కిందికి, పక్క టేపు ట్రక్కు పొడుగునా అంటించాలి. హైవే మీద అడ్డంగా తిరిగే ట్రక్కుని కాపాడేది ఆ పక్క టేపే. అమెరికాలో 1960ల్లోనే ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు నిదానంగా పోయే వ్యవసాయ బళ్ళ కోసం నారింజ రంగు త్రికోణం గుర్తు తయారుచేశారు. ఎంత దూరం నుంచి చూసినా "ఇది నిదానంగా పోయే బండి" అని తెలిసిపోద్ది. మనకి ఇంతవరకు ఊరూరా అలవాటైన గుర్తే లేదు.

ట్రక్కులో పోయేది సరుకే కాదని కూడా గుర్తుంచుకోవాలి. 2020 మే 14న నాగులుప్పలపాడు మండలంలో మిరపకోతలకి పోయి వస్తన్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. 2025 ఫిబ్రవరి 9న పల్నాడు జిల్లా ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర ట్రాక్టర్ బోల్తా పడి నలుగురు ఆడకూలీలు పోయారు. వాళ్ళూ మిరపకోతల నుంచి ఇంటికి వస్తన్నవాళ్ళే. ఈ రెండూ లైట్ల వల్ల జరిగినవని చెప్పటం లేదు. చీకటి పడ్డాక లైటు లేని ట్రక్కులో ఎవరు కూర్చుని ఉంటారో చెప్తన్నా. మన అమ్మలు, అక్కలు, పిన్నమ్మలు.

తనిఖీ రోడ్డు మీద కాదు, గేటు దగ్గర

సాగు ట్రాక్టర్లు లారీల్లాగా మాటిమాటికీ ఫిట్‌నెస్‌కి పోయేవి కావు. కాబట్టి ఆర్టీఏ ఆఫీసులో కూర్చుంటే ఈ ట్రక్కులు కనపడవు. కానీ సీజన్లో ఇవన్నీ వచ్చే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గుంటూరు మిర్చి యార్డు గేటు, దాని చుట్టూ కోల్డ్ స్టోరేజీలు, సీసీఐ పత్తి కొనే కేంద్రాలు, జిన్నింగ్ మిల్లులు. అక్కడ వంతు కోసం బళ్ళు ఎట్టాగూ గంటలు గంటలు ఆగుతాయి. ఆ ఆగిన టైములో ఒక ఎలక్ట్రీషియన్, ఒక పెట్టెడు బల్బులు, ఒక టేపు చుట్ట ఉంటే చాలు. మొదటిసారి ఫైను వద్దు, బాగుచేసి పంపండి. ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివే పిల్లలకి ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ ఎక్కడుంది? మార్కెట్ సెస్సు వసూలు చేసే కమిటీకి ఇది మొయ్యలేని ఖర్చు కాదు.

మళ్ళీ వచ్చినప్పుడు కూడా అట్టాగే ఎనక చీకటితో వస్తే అప్పుడు ఫైను వెయ్యండి, ఎవరూ కాదనరు. ఎల్‌ఈడీ బార్లు అమ్మే షాపులు కూడా ఫ్యూజు, రిలే లేకుండా ఉత్త బారు చేతిలో పెట్టి పంపటం మానాలి.

ఇవన్నీ జరిగేదాకా ఆగాల్సిన పని లేదు. తమ్ముడూ, ఈసారి మొదటి టిక్కీ ఎక్కించే ముందు ట్రాక్టర్ లైట్లు వేసి, దిగి, యాభై అడుగులు ఎనక్కి నడిచి ఒకసారి తిరిగి చూడు. రెండు ఎర్ర లైట్లు కనపడకపోతే, ఆ పూట బండి ముందు ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోవాలి, తర్వాతే యార్డుకి.