మామ్మకు పిండికట్టు ఎందుకు కట్టలేదు?



మా అక్కయ్యకు 76 ఏళ్లు. మొన్నామధ్య తెల్లవారుజామున స్నానాలగదిలో కాలుజారి పడి, మరి లేవలేకపోయింది. చూస్తే కుడికాలు కాస్త పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉన్నది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, తుంటి దగ్గర ఎముక విరిగిందనీ, ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషను చేయాలనీ అన్నారు.

"ఈ వయసులో కోత కోయించడమా!" అని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తారు. నిజం చెప్పాలంటే నేనూ జంకాను. అక్కయ్య మనవడు మాత్రం, "తాతయ్యా, నా చెయ్యి విరిగితే పిండికట్టు కట్టారు. 6 వారాల్లో అతుక్కుంది. మామ్మకూ అట్లాగే కట్టవచ్చుగా?" అన్నాడు.

మంచి ప్రశ్న. తొడ ఎముక మన ఒంట్లోకెల్లా పొడుగైనది. దాని పైకొన గుండ్రని బంతిలా ఉండి, తుంటిలోని గిన్నెలో ఇమిడి తిరుగుతుంది. బంతికీ తక్కిన ఎముకకూ మధ్య ఉన్నది మెడ. బంతికి చేరే నెత్తురులో ఎక్కువ భాగం, ఈ మెడను అంటిపెట్టుకుని పాకే సన్నని నాళాలగుండా పోతుంది. మెడ విరిగి పక్కకు జరిగితే ఆ నాళాలు తెగుతాయి. కాడ తెగిన సొరపిందె ఏమవుతుంది? చాలాసార్లు బంతి గతీ అంతే. పైగా ముసలివాళ్లను నెలల తరబడి కదలకుండా పడుకోబెడితే వీపున పుళ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది. కాలి సిరల్లో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ పోయి ఊపిరితిత్తులలో అడ్డుపడవచ్చు. పూర్వం ఎందరో విరిగిన ఎముకవల్ల కాదు, ఆ మంచంవల్లనే పోయారు.

1925లో అమెరికాలోని బోస్టన్ నగరంలో స్మిత్-పీటర్సన్ అనే వైద్యుడు మూడు రెక్కలున్న మేకును మెడలోకి దించి, విరిగిన ముక్కలను కలిపి బిగించాడు. రెక్కలెందుకంటారా? ఒకే మేకుతో గోడకు అట్టముక్క కొట్టి చూడండి, గిర్రున తిరుగుతుంది. 1940లో ఆస్టిన్ మూర్, బోల్‌మన్ అనే ఇద్దరు వైద్యులు, తొడ ఎముకలో కంతి పెరిగిన ఒక రోగికి, ఎముక పైభాగాన్నే తీసివేసి లోహంతో చేసినది అమర్చారు. విరిగిన తుంటికీ ఆ ఉపాయం పనికివచ్చింది. మెడకు దిగువన విరిగితే బంతికి నెత్తురు లోటుండదు కనుక, అక్కడ నేటికీ మేకులూ మరలే బిగిస్తారు.

అక్కయ్యకు బంతి మార్చారు. అంతటితో గండం గడిచిందనడానికి లేదు. చీము పట్టవచ్చు, కొత్త బంతి గిన్నెలోంచి తప్పుకోవచ్చు, గడ్డల భయం అప్పుడూ ఉంటుంది. అందుకే మందు ఇస్తూ, మర్నాడే లేపి నిలబెట్టారు.

మూడోనాటి రాత్రి అక్కయ్య మనవణ్ణి, ఎప్పుడో పోయిన మా తమ్ముడి పేరుతో పిలిచి, "బడికి వేళయింది, పలక ఏదిరా?" అన్నది. వాడు బావురుమన్నాడు. మామ్మకు మతి పోయిందనుకున్నాడు పాపం! ఆపరేషను తరువాత పెద్దవాళ్లకు ఇటువంటి తికమక తరచు వస్తుందనీ, చాలామందికి సర్దుకుంటుందనీ డాక్టరుగారు చెప్పి, ఆమెకు కళ్లజోడు పెట్టించి, తెలిసిన మనిషిని పక్కనే ఉండమన్నారు. వాడే కూర్చున్నాడు. అయిదోనాడు, "అన్నం తిన్నావురా?" అని వాణ్ణి వాడి పేరుతోనే అడిగింది.

ఇప్పుడు నాలుగుకాళ్ల ఊతం పట్టుకుని తులసికోట దాకా నడుస్తున్నది. బంతి తప్పుకుంటుందని, నేలమీద బాసింపట్టు వేసుకోవడం మాత్రం వద్దన్నారు. పూలమాల కుర్చీలోనే కడుతున్నది, విసుక్కుంటూ.