కోటు కింద తుపాకీ, ఒళ్ళో బైబిల్ (పల్లె చర్చి మాటలు – 17)



అమెరికాలో ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్ళలో కొందరి నడుముకు, కోటు కింద, తుపాకీ ఉంటుంది. దొంగతనంగా కాదు, చట్టబద్ధంగానే. టెక్సాస్ 2019లో చట్టం మార్చింది. చర్చి వాళ్ళు వద్దని చెబితే తప్ప, లైసెన్సు ఉన్నవాడు తుపాకీతో లోపలికి రావచ్చని తేల్చేసింది.

క్రైస్తవుడు ఇలా చేయొచ్చా? ఒకరు లూకా 22 తెరిచి, యేసు శిష్యులను కత్తి కొనుక్కోమన్నాడు చూడండి అంటారు. ఇంకొకరు మత్తయి 26 తెరిచి, అదే రాత్రి కత్తి దించమన్నాడు కదా అంటారు. పల్లె చర్చిలో పెరిగిన నాకు వచనాల కుస్తీ కొత్త కాదు. అందులోకి దిగను. నా ప్రశ్న వేరే. చర్చిలో తుపాకీ ఎవరి చేతిలో ఉంది? ఎవరికి భయపడి?

పదిహేడో శతాబ్దపు వర్జీనియాలో తెల్లవాళ్ళు మూలవాసులకు భయపడి చర్చికి తుపాకులు తెచ్చుకున్నారు. 1739లో సౌత్ కరోలినా ఒక చట్టం చేసింది. తెల్ల మగవాళ్ళు ఆదివారం చర్చికి ఆయుధంతో రావాలి, లేకపోతే జరిమానా. ఎందుకు? యజమానులంతా చర్చిలో ఉన్న పూట బానిసలు తిరగబడతారని భయం. ఆ సెప్టెంబర్ 9న, ఆదివారం నాడే, స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు కూడా. 1770లో జార్జియా కూడా అలాంటి చట్టమే తెచ్చింది. తను సంకెళ్ళు వేసిన మనిషి లేచి నిలబడతాడేమో అన్న భయం అది.

మరి నల్లవాళ్ళు ఆయుధం అడిగితే? 1956లో మాంట్‌గోమరీలో పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు చేశాడు. ఇవ్వలేదు. ఆ తర్వాత ఆయన అహింసనే తన దారి చేసుకున్నాడు, అది ఆయన ఎంపిక. లైసెన్సు నిరాకరణ మాత్రం రాజ్యం ఎంపిక. 1964లో లూసియానాలో నల్లజాతి కార్మికులు 'డీకన్స్ ఫర్ డిఫెన్స్ అండ్ జస్టిస్' పెట్టి, క్లాన్ మూకల నుంచి ఉద్యమకారులకు తుపాకులతో కాపలా కాశారు. వాళ్ళది పాపమని నేను అనను. ఎవరినీ అననివ్వను.

ఇప్పుడు చార్లెస్టన్. 2015 జూన్ 17, ఇమాన్యుయేల్ ఏఎంఈ చర్చి. బైబిల్ స్టడీకి వచ్చిన తెల్ల కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. దాదాపు గంట కూర్చుని, తొమ్మిదిమందిని కాల్చి చంపాడు. ఆ తర్వాత నేషనల్ రైఫిల్ అసోసియేషన్ బోర్డు సభ్యుడొకడు నింద ఎవరి మీద వేశాడో తెలుసా? చనిపోయిన పాస్టర్ క్లెమెంటా పింక్నీ మీద! ఆయన స్టేట్ సెనేటర్‌గా తుపాకుల బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశాడట, అందుకే చచ్చారట. హంతకుడికి తుపాకీ ఎలా దొరికింది? తనిఖీ మూడు పనిదినాల్లో తేలకపోతే అమ్మేయొచ్చన్న నిబంధన వల్ల. దాని ఊసే లేదు.

వైట్ సెటిల్‌మెంట్ మాటేమిటని అడుగుతారు. 2019 డిసెంబర్‌లో ఆ టెక్సాస్ చర్చిలో హంతకుడిని భద్రతా వాలంటీరు ఆరు సెకన్లలో కూల్చేశాడు. ప్రాణాలు దక్కాయి, కాదనను. అప్పటికే ఇద్దరు పోయారు. పైగా అతను సంఘం ఏర్పాటు చేసుకున్న కాపలాదారు. డీకన్స్ కూడా అంతే. సంఘానికి జవాబు చెప్పే కాపలా వేరు, ఎవరికివారు కోటు కింద దాచుకొచ్చే తుపాకీ వేరు. రెండోదాన్ని నేను వ్యతిరేకిస్తాను. అది దాచుకున్నవాడు తలుపు తీసిన ప్రతిసారీ వచ్చినవాడిని కొలుస్తాడు. తెల్లవాళ్ళ చర్చిలోకి చిరిగిన చొక్కాతో ఒక నల్ల యువకుడు వస్తే, ఆ చెయ్యి ముందు ఎటు పోతుంది?

ఇది మనకెందుకు? ఆయుధం ఎవరికన్నది మన చట్టంలోనూ ఉంది కాబట్టి. అట్రాసిటీ చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనల్లో మూడోది చదవండి. దాడులు జరిగే అవకాశమున్న చోట ఇతరుల ఆయుధ లైసెన్సులు రద్దు చేయొచ్చు, అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వొచ్చు. ఇది పుస్తకంలో ఉందని ఎంతమంది కలెక్టర్లకు గుర్తుంది? బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగలకైతే అదీ లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్ళను ఎస్సీ జాబితా బయట ఉంచింది. మన రెండు రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సీ. కులం చూసి కొట్టేవాడు సర్టిఫికెట్ చూసి కొట్టడు కదా!

నేను తుపాకులు అడగడం లేదు. దెబ్బతిన్నవాడికి ఓర్పు బోధించేవాళ్ళు, ముందు కొట్టేవాడి చేతిలోని ఆయుధం దించమనండి. దళిత క్రైస్తవులకు చట్ట రక్షణ ఇమ్మనండి. విద్యార్థి మిత్రులారా, ఆ మూడో నిబంధన మీ జిల్లాలో ఎన్నిసార్లు అమలైందో ఆర్టీఐ వేసి అడగండి. జవాబు వచ్చాక మాట్లాడుకుందాం.