పార్శిల్ గడపకు... ప్రాణం గాలికి

పల్లె దారుల్లో సరుకు చేరవేసే యువకుల భద్రత ఎవరి బాధ్యత?

మాచవరం: ఒకప్పుడు మండల కేంద్రానికి పార్శిల్ వచ్చిందంటే తపాలా కార్యాలయానికి రావాల్సిందే. పోస్టుమ్యాన్ సైకిల్ గంట వినిపిస్తే అది మనియార్డరో, ఉత్తరమో అని ఊరంతా తెలిసిపోయేది. నేడు పరిస్థితి మారింది. సెల్‌ఫోన్‌లో మీట నొక్కితే చెప్పుల జత మొదలుకొని మిక్సీ వరకు ఇంటి ముంగిటకే వస్తున్నాయి. మోర్జంపాడు, పిన్నెల్లి, వేమవరం, పిల్లుట్ల వంటి గ్రామాలూ ఇందుకు మినహాయింపు కాదు. వీపున పెద్ద సంచి, ట్యాంకుపై మరో మూట, కాళ్ల నడుమ ఇంకో పెట్టెతో ద్విచక్ర వాహనంపై వచ్చే యువకుడు పల్లె జీవితంలో భాగమైపోయాడు. అతడు తెచ్చిన సరుకు గురించి అడిగేవారే గానీ, అతడు ఏ దారిన, ఎంత వేగంతో, ఎన్ని గంటలు తిరిగి వచ్చాడో ఆరా తీసేవారు అరుదు.

ఈ నిర్లక్ష్యానికి మూల్యం చిన్నది కాదు. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరగగా 1,68,491 మంది మృత్యువాత పడ్డారు. మృతుల్లో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనదారులే. మొత్తం మరణాల్లో సుమారు 68 శాతం గ్రామీణ ప్రాంతాల్లోనే సంభవించాయి. ప్రమాదమంటే నగరాల రద్దీ, జాతీయ రహదారుల వేగమే గుర్తుకొస్తాయి. మృత్యువు మాత్రం ఎక్కువగా పల్లె దారుల్లోనే పొంచి ఉంటోందని ఈ అంకెలు చెబుతున్నాయి.

పల్నాడుకు చేదు అనుభవాలు

పల్నాడు ప్రాంతానికి ఈ పాఠం కొత్త కాదు. 2022 మే నెలాఖరున శ్రీశైలం నుంచి తిరిగి వస్తున్న భక్తుల వాహనం రెంటచింతల వద్ద ఆగి ఉన్న లారీని ఢీకొంది. సరుకు రవాణా కోసం తయారైన ఆ చిన్న వాహనంలో మనుషులను కిక్కిరిసి ఎక్కించుకున్నారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2023 మే నెలలో దాచేపల్లి మండలం పొందుగల వద్ద కూలీల ఆటోను లారీ ఢీకొనగా పలువురు మహిళలు మృత్యువాత పడ్డారు. ఈ రెండు ఘటనల్లో బాధితులు బట్వాడా సిబ్బంది కారు. అయితే సిబ్బంది నిత్యం తిరిగేది ఆ దారుల్లోనే, ఆ వాహనాల నడుమనే.

నార్కెట్‌పల్లి-అద్దంకి రహదారిపై దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా సిమెంటు, సున్నం లారీలు రేయింబవళ్లు సాగుతుంటాయి. అక్కడి నుంచి పల్లెల వైపు మళ్లితే వెనుక దీపాలు లేని ట్రాక్టర్లు, పత్తి బోరాలతో పక్కలకు ఉబ్బిన బండ్లు ఎదురవుతాయి. మిర్చి కోతల కాలంలో కూలీల ఆటోలు బారులు తీరుతాయి. రోడ్డుపైనే ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు, సాయంత్రం ఇళ్లకు మళ్లే గేదెల మందలు సరేసరి. బరువుతో ఊగిసలాడే ద్విచక్ర వాహనానికి వీటిలో ఏది అడ్డొచ్చినా అదుపు తప్పడం ఖాయం.

చిరునామా లేని చోట ఫోనే దిక్కు

పట్టణంలో ఇంటి నంబరు, వీధి పేరు ఉంటాయి. పల్లెలో ‘రామాలయం వెనుక’, ‘చెరువు కట్ట పక్కన’ అన్నదే చిరునామా. ఫలితంగా బట్వాడా చేసే వ్యక్తి దాదాపు ప్రతి పార్శిల్‌కూ ఫోను చేయక తప్పడం లేదు. బండి ఆపి మాట్లాడితే ఆలస్యం. అందుకే భుజానికి, చెవికి మధ్య ఫోను ఇరికించుకొని నడపడం పరిపాటిగా మారింది.

ఇందులోని ముప్పును చిన్న లెక్క తేటతెల్లం చేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు 16.7 మీటర్లు సాగుతుంది. పేరు చూడటానికి రెండు సెకన్లు తెరవైపు దృష్టి మళ్లిస్తే బండి 33 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్లే. పల్లె దారిలో ఆ దూరంలోనే ఓ మలుపో, కల్వర్టో, రోడ్డు దాటే చిన్నారో ఉండవచ్చు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. చేతిలో ఫోను పట్టుకొని వాహనం నడపడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ ప్రమాదకర డ్రైవింగ్‌గా పరిగణిస్తుంది. తొలి తప్పునకే రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు విధించే వీలుంది. ఏకాగ్రత చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రమే ఫోనును వాడుకోవచ్చని 2020లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. ఫోనును హ్యాండిల్‌కు బిగించుకోవాలి. మాట్లాడాలంటే రోడ్డు దిగి ఆగాలి.

శిరస్త్రాణం లేకుండా పట్టుబడితే రూ.1,000 జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుపై వేటు పడుతుంది. బండిపైనే బతుకు వెళ్లదీసే వ్యక్తికి జరిమానా కంటే మూడు నెలల ఉపాధి పోవడమే పెద్ద శిక్ష. హెల్మెట్ ధరించని కారణంగా 2022లో దేశంలో 50,029 మంది చనిపోయారు. సరైన శిరస్త్రాణం తలకు గాయాల ముప్పును సుమారు 69 శాతం, మరణ ముప్పును 42 శాతం మేర తగ్గిస్తుందని అంతర్జాతీయ అధ్యయనాలు తేల్చాయి. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్లనే అమ్మాలన్న నిబంధన అమల్లో ఉంది. రోడ్డు పక్కన చౌకగా దొరికే టోపీ లాంటిది పోలీసుల కంటికి కనిపిస్తుందేమో గానీ తలను కాపాడదు.

తొందర ఎవరిది?

నిబంధనలు తెలియక ఎవరూ ఉల్లంఘించడం లేదు. పాటించేందుకు సమయం లేకే ఉల్లంఘిస్తున్నారు. అసలు సమస్య ఇక్కడే ఉంది.

ఉదాహరణకు ఓ యువకుడికి రోజుకు 60 పార్శిళ్లు అప్పగించారనుకుందాం. ఒక్కోదానికి సగటున ఎనిమిది నిమిషాలు పట్టినా ఎనిమిది గంటలు పూర్తవుతాయి. ఇక బండిని రోడ్డు దిగి నిలపాలి. తాళం తీసుకోవాలి. ఫోను ఆగి చేయాలి. ఓటీపీ సరిచూడాలి. నగదు లెక్కించి భద్రపరచాలి. వీటికి ఒక్కోచోట మరో నిమిషం వెచ్చిస్తే రోజుకు గంట అదనం. చాలాచోట్ల చెల్లింపు పార్శిల్ లెక్కనే గానీ గంటల లెక్కన కాదు. ఇంట్లో ఎవరూ లేక వెనక్కి తెచ్చిన పార్శిల్‌కు దక్కేది తక్కువ, లేదా శూన్యం. ఆ గంటకు ఎవరూ కూలి కట్టనప్పుడు దాన్ని రాబట్టుకునే మార్గం ఒక్కటే... వేగం పెంచడం. నిబంధనలు పాటించమని చెప్పే సంస్థ వాటికి పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఆ ఉపదేశం కాగితానికే పరిమితం.

నగరాల్లో పది నిమిషాల సరఫరాపై రేగిన చర్చ సారాంశమూ ఇదే. 2025 డిసెంబరు చివర్లో గిగ్ కార్మికులు సమ్మెకు దిగారు. 2026 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ జోక్యంతో ‘పది నిమిషాల’ ప్రచారాన్ని విరమించుకునేందుకు సంస్థలు ముందుకొచ్చాయి. పల్లెకు పది నిమిషాల గడువు లేదు. చీకటి పడేలోగా సంచి ఖాళీ చేయాలన్న ఒత్తిడి మాత్రం ఉంది. పేరు వేరైనా ఫలితం ఒకటే.

మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని పరిమితిని 1961 నాటి చట్టమే నిర్దేశించింది. ఆ చట్టం అనంతరం కార్మిక స్మృతుల్లో విలీనమైంది. పార్శిళ్లు చేరవేసే యువకుణ్ని మాత్రం సంస్థలు ‘భాగస్వామి’ అంటున్నాయి. ఉద్యోగి కానందున పని గంటల పరిమితి అతడి దరి చేరడం లేదు.

బీమాలో మెలిక

ప్రమాదం జరిగాక తెలిసే చేదు నిజం మరొకటి ఉంది. పల్లెల్లో బండి తండ్రి పేరిటో, అన్న పేరిటో ఉంటుంది. నడిపేది తమ్ముడు. వాహన బీమాతో పాటు తీసుకునే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ‘యజమాని-డ్రైవరు’కు వర్తించేది. యజమాని కాని తమ్ముడు గాయపడినా, మరణించినా ఆ పరిహారం అందడం కష్టం. సొంత అవసరాలకని బీమా చేయించిన బండిని వ్యాపారానికి వాడితే క్లెయిము వేళ బీమా సంస్థ అభ్యంతరం లేవనెత్తే ప్రమాదమూ ఉంది. పనిలో చేరే ముందే పాలసీ పత్రాన్ని చదివించుకోవడం శ్రేయస్కరం.

ఊరట కలిగించే అంశాలూ లేకపోలేదు. ఏడాదికి రూ.20 ప్రీమియంతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రమాద మరణానికి రూ.2 లక్షలు అందిస్తుంది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల పాటు రూ.1.5 లక్షల వరకు నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. గిగ్ కార్మికుల సంక్షేమ నిధికి సంస్థలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం జమ చేయాలని అది నిర్దేశిస్తోంది. అయితే పల్లెల్లో పలువురు ఉప గుత్తేదారుల కింద పనిచేస్తున్నారు. వారి పేర్లు మాతృసంస్థ రికార్డుల్లో ఉన్నాయో లేదో వారికే తెలియదు. ఈ-శ్రమ్‌లో నమోదు చేసుకోవడం, పనికి సంబంధించిన రుజువులను భద్రపరచుకోవడం వారికి అత్యవసరం.

ఎవరి వంతు ఎంత?

బట్వాడా సిబ్బంది బయలుదేరే ముందు బ్రేకులు, టైర్లు, దీపాలు సరిచూసుకోవాలి. బరువైన పెట్టెలు కిందికి, మధ్యకు ఉండేలా సర్దుకోవాలి. హ్యాండిల్ తిరగడానికి అడ్డొచ్చే మూటను ట్యాంకుపై పెట్టరాదు. ఊళ్ల వారీగా పార్శిళ్లను వరుస పేర్చుకొని, కేంద్రంలో ఉండగానే వినియోగదారులకు ఫోను చేస్తే దారిలో చేయాల్సినవి సగానికి తగ్గుతాయి. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుబడిన రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది. వేసవి మధ్యాహ్నం నీళ్లు, నీడ, కాసింత విశ్రాంతి విలాసం కాదు. ప్రమాదం జరిగితే పారిపోకుండా 108కో, 112కో సమాచారమిచ్చి క్షతగాత్రులకు వైద్యం అందేలా చూడటం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు విధి.

సంస్థలు, గుత్తేదారులు పార్శిళ్ల సంఖ్యను దూరాన్ని, దారిని బట్టి నిర్ణయించాలి. వినియోగదారుడు లేక తిరిగొచ్చిన పార్శిల్‌కూ చెల్లించాలి. నాణ్యమైన హెల్మెట్, ప్రమాద బీమా ఇవ్వడం పనిలో చేర్చుకునే ముందు షరతు కావాలి.

రోడ్డుపై లారీలను ప్రమాదకరంగా నిలపడాన్ని 122వ సెక్షన్ నిషేధిస్తోంది. రెంటచింతల విషాదం తర్వాతైనా దీన్ని కచ్చితంగా అమలు చేయాల్సిన అవసరాన్ని గుర్తించాలి. హెల్మెట్ తనిఖీలతోనే సరిపెట్టకుండా దీపాలు లేని ట్రాక్టర్లపై, రంగు వేయని వేగ నిరోధకాలపై అధికారులు దృష్టి సారించాలి. ధాన్యం ఆరబోతకు ప్రత్యామ్నాయ స్థలాలు చూపాల్సిన బాధ్యత పంచాయతీలది.

వినియోగదారుల పాత్రా తక్కువ కాదు. ఆర్డరు చేసేటప్పుడే గుడినో, బడినో గుర్తుగా రాసి, ఫోనులో ఇంటి లొకేషన్ జత చేస్తే సగం పని తీరుతుంది. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ సుమారు నాలుగు మీటర్ల చదరపు స్థలానికీ ఓ సంకేతాన్ని కేటాయించింది. ఇంటి నంబరు లేని పల్లెకు ఇది ఎంతో ఉపయుక్తం. డబ్బు సిద్ధంగా ఉంచుకోవడం, ముంగిట కుక్కను కట్టేయడం, ‘ఇంకా ఎక్కడున్నావ్?’ అంటూ పదే పదే ఫోను చేయకపోవడం ఖర్చు లేని సాయాలు.

చీర ఓ రోజు ఆలస్యమైతే పండుగ ఆగదు. ఆ చీర తెచ్చే యువకుడు ఇంటికి చేరకపోతే ఓ కుటుంబం ఆధారం కోల్పోతుంది. భద్రతకు పట్టే నిమిషాలకు కూలి కట్టే బాధ్యత సంస్థలది, ఆ కాస్త ఆలస్యాన్ని ఓర్చుకునే బాధ్యత వినియోగదారులది. ఆ రెండూ జరిగిన నాడే నిబంధనలు గోడమీది రాతల నుంచి రోడ్డుపైకి వస్తాయి.