ఆటతో పాఠం చెప్పలేమా?

వీడియో గేమ్ అన్న మాట వినగానే మన పెద్దలకు కోపం వస్తుంది. అది ఊరికే వచ్చిన కోపం కాదు. ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలైన ఇండ్లను అందరం చూశాము. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది. వీటిని మేము స్వాగతిస్తున్నాము. కాని జూదాన్నీ ఆటనూ ఒకే గాటన కట్టడం మాకు సమ్మతం కాదు.

మొగుళ్లపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ఓనగుంటలు ఆడని అవ్వలు ఎందరుంటారు? గుంటకొక చింతగింజ వేసుకుంటూ పోతే ఖాళీ గుంట ఎక్కడ తగులుతుందో వాళ్ళు ముందే మనసులో లెక్క కట్టేవారు. బడి ముఖం చూడనివారికి ఆ లెక్క నేర్పింది ఆటే. మన వరంగల్ బిడ్డ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో చదరంగంలో 2800 రేటింగ్ దాటితే అందరం సంబరపడ్డాము. అదే చదరంగం తెర మీద ఆడితే చెడ్డదవుతుందా?

గుజరాత్‌లోని వడోదరలో మున్సిపల్ బడులకు 2000లో నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చారు. చాలాచోట్ల అవి వాడకం లేక పడి ఉన్నాయి. తర్వాత ప్రథమ్ సంస్థ వాటిలో లెక్కల ఆటలు పెట్టింది. నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు, కంప్యూటర్‌కు ఇద్దరు చొప్పున ఆడారు. పిల్లల శక్తిని బట్టి లెక్క కఠినమయ్యేది. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తమ సహచరులతో కలిసి దీనిని పరిశీలించారు. లెక్కల మార్కులు బాగానే పెరిగాయి. భాషలో మార్పు లేదు. ఆట ఆపిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది కూడా. కనుక కంప్యూటర్ పెడితే సారు అక్కరలేదని మేము అనము.

అయినా హాస్టల్ పిల్లలకు ఇది ఎందుకు కావాలంటే, మనకు ట్యూషన్లు లేవు. తరగతిలో లేచి అడిగితే నవ్వుతారని భయం. అర్థం కాని భాగహారం అట్లాగే పదో తరగతి దాకా వస్తుంది, అక్కడ లెక్కలు తప్పి మిరప చేన్లకు పోయినవారు మనలోనే ఉన్నారు. ఆటలో పదిసార్లు ఓడినా ఎవరూ నవ్వరు, పదకొండోసారి ఆడొచ్చు.

టక్స్‌మ్యాత్ అనే ఉచిత ఆట ఉంది. ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. ఆకాశం నుంచి తోకచుక్కలు పడుతుంటాయి, వాటి మీద లెక్కలుంటాయి. జవాబు కొడితే పేలిపోతాయి, లేకుంటే కింద పెంగ్విన్‌ల ఇగ్లూలు పోతాయి. (ఇగ్లూ అంటే మంచు ఇల్లని మన పిల్లలకు చెప్పాలి, అదీ ఒక పాఠమే.)

పాత విద్యార్థులు వార్షికోత్సవానికి షీల్డులు తెస్తుంటారు. ఈసారి పాతదైనా సరే, నడిచే కంప్యూటర్ ఒకటి తెమ్మని కోరుతున్నాము. వార్డెన్ సారుకు మా విన్నపం ఇది: ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక చిన్న తరగతుల వారికి గంటసేపు, ఇద్దరిద్దరుగా ఆడనివ్వండి. పక్కన పదో తరగతి వారు ఒకరు కూర్చుంటారు. గది తాళంచెవి మాత్రం బీరువాలో పెట్టకండి.