మనోవ్యాధికి మందు కలదు

మనోవ్యాధికి మందు లేదను సామెతను మేమంగీకరింపము. 2020 మార్చిలో కరోనా మూలమున మూతపడిన బడులు మరల తెరచిన పిమ్మట, పిల్లలు వచ్చిరి గాని కొందరు మునుపటివలె మాటాడరైరి. ఇంటి పెద్దలను కడసారి చూడనైన నోచుకొనని దుఃఖమది. సోమరితనమని తలచి మేము పొరబడితిమి.

తొలి యేడాదిలోనే ప్రపంచమున ఆందోళన, క్రుంగుబాటు నూటికి 25 పాళ్లు పెరిగెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపినది. మనోవ్యాధులకు పల్లె ఆరోగ్య కేంద్రములలోనే చికిత్స సాధ్యమని 1980 దశకమున బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు నిరూపించినది మన బళ్ళారి జిల్లాయందే. అట్టి జిల్లాలోని కప్పగల్లువారికి సిగ్గేల?

తలిదండ్రులారా, బిడ్డలను ఇంటి తెలుగులోనే మనసు విప్పనిండు. అవసరమైనచో 14416కు ఫోను చేయుడు. అచట తెలుగునను, కన్నడమునను బదులు పలుకుదురు.