కొత్త సెడాన్ కొనేముందు
పోయిన దసరాకు మా ఇంటికి మారుతి డిజైర్ వచ్చింది. నాన్న గిర్నీ పీఎఫ్ పైసలు అందులో ఉన్నాయి గనక ప్రతి రూపాయీ అడిగే కట్టాం. ఆ లెక్కే మీకూ చెబుతున్నా.

4 మీటర్లు దాటని పొడవు, 1200 సీసీ దాటని పెట్రోల్ ఇంజన్ ఉన్న కారుకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతమే. డిజైర్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. ఆపైన రోడ్ టాక్స్, ఇన్సూరెన్స్ తప్పవు. మాకిచ్చిన కాగితంలో 'హ్యాండ్లింగ్ ఛార్జీ' అని ఇంకో వరస ఉంది. ఇదేంటని అడిగితే కొట్టేశారు. ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలన్న రూలేం లేదు, బయట కూడా అడగండి.

రిజిస్ట్రేషన్‌కు ముందే బండిని పగటిపూట చూడాలి. టైరు మీద నాలుగంకెలుంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైందని.

సీఎన్‌జీకి ఖర్చు తక్కువే, కానీ డిక్కీలో చాలా చోటు సిలిండరే తింటుంది. ఊరికి చాదర్ల మూటలు తీసుకెళ్లి, బియ్యం బస్తాతో తిరిగొచ్చే మనలాంటోళ్లకు పెట్రోలే నయం. సోలాపూర్ నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్ల పైమాటే. నలుగురం సామానుతో హాయిగా పోయొచ్చాం.

కిస్తీ మాత్రం పగారు లెక్కనే పెట్టుకోండి. ఓవర్‌టైం ప్రతి నెలా దొరకదు.