తాళం ఒకరిది, కష్టం అందరిది



సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగితే, "కవిత్వం నా వల్ల కాదు, అనుభవమైతే రాస్తాను" అన్నాను. ఇది ఒక పాస్‌వర్డు గురించిన అనుభవం, దాని మీద నా అభిప్రాయం.

బొల్లారం అనగానే చాలామంది సికింద్రాబాదు వైపు, రాష్ట్రపతి నిలయమున్న బొల్లారం అనుకుంటారు. నేను చెప్పేది అది కాదు. 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండి, ఆ తరువాత సంగారెడ్డి జిల్లాలోకి వచ్చిన పారిశ్రామికవాడ. బస్సు దిగకముందే మందుల వాసన ఎదురొచ్చే చోటు. డిగ్రీ రెండో సంవత్సరం సెలవుల్లో అక్కడొక లేబర్ కాంట్రాక్టరు దగ్గర హాజరు గుమాస్తాగా కుదిరాను. అరవై మూడు మంది కూలీలు: ఒడిశా వాళ్లు, బీహారు వాళ్లు, మన నారాయణఖేడ్ వాళ్లు. వాళ్ల హాజరు, ఓవర్‌టైము, అడ్వాన్సులు సమస్తం ఒకే ఎక్సెల్ ఫైలులో ఉన్నాయి. ఫైలుకు పాస్‌వర్డు ఉంది. ఆ పాస్‌వర్డు నాకంటే ముందు పనిచేసిన గుమాస్తా బుర్రలో ఉంది! ఆయన మానేసి వారమైంది. ఫోను ఎత్తడు. జీతాలకింక నాలుగు రోజులు.

"ఫైలు తెరుచుకునే దాకా మామూలు జీతమే. ఓటీ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు కాంట్రాక్టరు. చెప్పడం ఎంత తేలిక! నారాయణఖేడ్ పెద్దాయన ఒకాయన నా బల్ల దగ్గరకొచ్చి, "తమ్మీ, బిడ్డ కాలేజీ ఫీజు కట్టాలె. రాత్రులు చేసిన పైసలు వస్తయా, రావా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

పటాన్‌చెరులో ఒక కంప్యూటరు షాపుకు వెళ్లాను. తాళాల్లో రెండు రకాలున్నాయని అక్కడే తెలిసింది. ఒకటి, ఫైలు తెరుచుకుంటుంది కాని గళ్లలో అంకెలు మార్చనివ్వదు. అది పొలానికి కట్టిన ముళ్లకంప వంటిది, తెలిసినవాడు తొలగించగలడు. రెండోది, అసలు తెరవనివ్వనిది. దీనిలో లోపలి అక్షరాలే గుర్తు తెలియకుండా మారిపోతాయి. 2003 దాకా వచ్చిన ఎక్సెల్‌లో ఈ తాళం బలహీనం. 2007 నుంచి గట్టిపడింది. 2010 నాటికి, మనం ఊహించి కొట్టే ఒక్కొక్క పాస్‌వర్డునూ సరిచూడటానికి యంత్రం లక్షసార్లు లెక్క తిప్పాలి. మరిచిపోతే తామూ తిరిగి ఇవ్వలేమని మైక్రోసాఫ్టు వారే చెబుతారు. మాది ఈ రెండో తాళం.

"ఫలానా వెబ్‌సైటుకు ఫైలు పంపితే వాళ్లు తీసిస్తారు" అన్నాడు షాపతను. అరవై మూడు మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ముక్కూమొహం తెలియనివాడికి పంపడమా? నాకు మనసొప్పలేదు.

మరి దారి? దారి కాగితంలో దొరికింది. కిందటి నెల అకౌంటెంటుకు తాళం లేకుండా మెయిల్ చేసిన ప్రతి ఒకటి బయటపడింది. పేర్లు, రేట్లు, అడ్వాన్సులు దొరికాయి. ఈ నెల గంటల కోసం ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు రాసే రాకపోకల పుస్తకం ముందేసుకున్నాం. నేను, ఆ పెద్దాయన మూడు రాత్రులు కూర్చున్నాం. నాలుగో రోజు ఓటీతో సహా జీతాలు పడ్డాయి.

తరువాత పాత గుమాస్తా దొరికాడు. ఆయనకు రెండు నెలల జీతం బాకీ. "నా లెక్క తేల్చకుండ పంపిన్రు. నా చేతిలో మిగిలింది ఆ తాళమొక్కటే" అన్నాడు. బాకీ తీర్చాక పాస్‌వర్డు చెప్పాడు. ఫైలు తెరిచి చూస్తే, అందులోని ఓటీ గంటలు గేటు పుస్తకంలో కంటే తక్కువ! పొరపాటో, మరొకటో నేను చెప్పలేను. ఫైలు మొదటే తెరుచుకుని ఉంటే ఆ తక్కువే ఖాయమయ్యేదని మాత్రం చెప్పగలను.

మన పెద్దలకిది కొత్త కాదు. ఊరి భూముల లెక్కంతా పట్వారీ ఇంట్లో, ఆయన దస్త్రం మూటలో ఉండేది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మూట విప్పితేనే రైతుకు తన భూమి సంగతి తెలిసేది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. పట్వారీ పోయాడు, మూట మాత్రం కంప్యూటరులోకి వచ్చి కూర్చుంది!

కెనడాలో క్వాడ్రిగా అనే క్రిప్టో సంస్థ అధిపతి 2018లో జైపూర్‌లో చనిపోయాడు. పాస్‌వర్డులు ఆయనతోనే పోయాయి, అందుకే డబ్బు అందడం లేదన్నారు. 2020లో ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ తేల్చిందేమిటంటే, డబ్బులో అధికభాగం ఆయన మోసం వల్ల అంతకుముందే పోయింది. "పాస్‌వర్డు పోయింది" అన్న మాట వినగానే "లోపల ఏముండాలి?" అని కూడా అడగాలి.

తాళమే వద్దనను. కూలివాడి ఖాతా నంబరు ఊరందరికీ కనబడకూడదు. కాని తాళం మనిషిది కాకూడదు, కుర్చీది కావాలి. అమెరికాకు మందులమ్మే కంపెనీలు 1997 నాటి అక్కడి నిబంధన ప్రకారం, కంప్యూటరు రికార్డులు ఎవరు దిద్దారో ఆనవాలు ఉంచాలి. తనిఖీకి అడిగినప్పుడు తీసి చూపగలగాలి. మాత్రకున్న ఈ రక్షణ, దాన్ని మోసే మనిషి కూలికి ఎందుకు ఉండకూడదు? నెలనెలా ప్రతి కూలీ చేతికీ తన గంటల చీటీ ఒకటి ఇస్తే ఏ తాళమూ అతని కష్టాన్ని దాచలేదు.

చివరగా మన ఇంటి మాట. ఈ సావనీరు ప్రకటనల డబ్బు, ఫెస్టు లెక్కలు ఏ మిత్రుని ల్యాప్‌టాపులో, ఏ పాస్‌వర్డు కింద ఉన్నాయి? కొత్త కార్యవర్గం రాకముందే ఆ పాస్‌వర్డు కవరులో పెట్టి, సీలు వేసి, సలహాదారు లెక్చరరు గారికి అప్పగించండి. లెక్కల ప్రతి ఒకటి నోటీసు బోర్డు మీద అంటించండి. ఊరికి నీతులు చెప్పే ముందు మన మూట మనం విప్పుకుందాం!